తోలు చక్రం బండికి పరీక్ష

శేరిగూడ దగ్గర సాయంత్రం కాలేజీలు వదిలే వేళకు రోడ్డు పక్కన నిలబడితే, గేర్లు లేని స్కూటర్లు బారులు తీరి వస్తుంటాయి. ఒక్కో బండి మీద ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు. కుడిచేయి తిప్పితే పోతుంది, వదిలితే ఆగుతుంది. క్లచ్ లేదు, గేరు లేదు. మొన్న ఒక అమ్మాయి బండి ఆపుకొని ఫోన్ చూసుకుంటుంటే దగ్గరికి వెళ్లి, "నీ బండిల గేర్ల బదులు ఏమున్నదో ఎరుకేనా బిడ్డా?" అని అడిగాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "తెల్వదాంటీ, సర్వీసింగుకు ఇస్తం గదా" అని వెళ్లిపోయింది. రిటైరైనవాళ్లకు ప్రశ్నలు ఎక్కువ, ఆగి వినేవాళ్లు తక్కువ. అందుకని రాస్తున్నాను. చదివే పిల్లలకు ఓపిక ఎక్కువని నా నమ్మకం.

నేను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. లైసెన్సుకు వచ్చినవాళ్ల పక్కన కూర్చుని నడిపించి చూడటం, పాత బండ్లను పరీక్షించి రోడ్డు మీదికి పనికొస్తాయో లేదో తేల్చడం నా పని. ఆ ఉద్యోగం నాకు రెండు మిగిల్చింది. ఒకటి ముక్కు మీద కోపం. రెండోది నా కుడికాలి అలవాటు. ఎవరు బండి నడుపుతున్నా పక్కన కూర్చున్న నా కాలు, అక్కడ లేని బ్రేకును తొక్కుతుంది. కొత్తవాళ్ల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నందుకు వచ్చిన రోగం అది. మా ఆయన నడిపినా తొక్కుతాను. ఒకసారి ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, "అమ్మా, జర నా సీటును తన్నకుండ్రి" అన్నాడు.

బండ్లంటే నాకు తెలియనిది లేదన్న ధీమా కూడా ఉండేది. ఆ ధీమాను ఒక ముసలి బండి ఒక్క రోజులో దించేసింది. దించినందుకు దానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, బతుకమ్మ ఆడే రోజుల్లో, సాగర్ రోడ్డు మీద మన్నెగూడ కూడలికి ఇవతల తనిఖీ చేస్తున్నాం. నాతో మా జూనియర్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. కొత్తగా చేరిన కుర్రాడు. కళ్లు మూసుకుని చప్పుడు విని బండి పేరు చెప్పడం అతని సరదా. ఇబ్రహీంపట్నం వైపు నుంచి టపటపమని ఒక చప్పుడు వచ్చింది. "ఇదేం బండి?" అన్నాను. కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, తల గోక్కున్నాడు.

వచ్చింది. తలుపులు లేవు, పైకప్పు లేదు. సన్నగా ఎత్తుగా ఉన్న చక్రాలు. ముందు రెండు ఇత్తడి దీపాలు, అందులో ఒకటి సొట్టపోయింది. కంపెనీ పేరు ఉండాల్సిన చోట మేకులు ఊడిన రంధ్రాలు తప్ప ఏమీ లేవు. తెల్లగడ్డం, తల మీద టోపీ ఉన్న ముసలాయన నడుపుతున్నాడు. ఆయన్ని నేను తర్వాత చాచా అని పిలిచాను కాబట్టి ఇక్కడా అలాగే అంటాను. పక్క సీట్లో ఆయన ఈడువాడే ఇంకొక పెద్దాయన, మెడలో చిన్న సిలువ, ఒళ్లో బీరకాయల సంచి. ఇద్దరిదీ మంచాల మండలంలో ఒకే ఊరు. పెద్దాయన కూతురు మన్నెగూడలో ఉంటుందట, బీరకాయలు ఇచ్చి రావడానికి బయల్దేరారు.

కాగితాలు చూశాను. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో తీరిపోయింది. "బండి పక్కకు వెట్టి, గేరుల ఏసి దిగుండ్రి" అన్నాను.

"గేర్లు లెవ్వు బేటీ" అన్నాడు చాచా.

"పాడైనయా?"

"పాడు గాలె. పుట్టినప్పటి సంది లెవ్వు దీనికి."

నా కోపం గురించి ముందే చెప్పాను కదా. "గేర్లు లేకుంట బండి ఎట్ల నడుస్తది? నాతోని మజాక్ చేస్తున్నవా చాచా?" అని రోడ్డు అదిరేలా అరిచాను. చాచా నొచ్చుకోలేదు. పెద్దాయనే బీరకాయల సంచి కింద పెట్టి, కాళ్ల కింది చెక్క పలక ఎత్తి పక్కన పెట్టాడు. "మజాక్ గాదు మేడం. జర వంగి సూడుండ్రి" అన్నాడు.

వంగి చూశాను. గేరుబాక్స్ ఉండాల్సిన చోట నిజంగానే గేరుబాక్స్ లేదు. ఒక్క పన్ను ఉన్న చక్రం కూడా లేదు.

ఇంజిన్ వెనక ఒక పెద్ద ఇనుప పళ్లెం నిలువుగా నిలబడి ఉంది. ముఖం నున్నగా, పొడిగా ఉంది. దానికి ఎదురుగా, అడ్డంగా, అంచుకు దళసరి తోలు తొడిగిన ఇంకో చక్రం. తోలు అంచు పళ్లెం ముఖానికి ఆనితే, పళ్లెం తిరిగినప్పుడు ఆ రాపిడికి తోలు చక్రం తిరుగుతుంది. అక్కడి నుంచి ఒక గొలుసు ఆ తిరుగుడును వెనక చక్రాలకు తీసుకుపోతుంది. అంతే, ఇంకేమీ లేదు. డ్రైవరు చేతి దగ్గర ఒక లివర్. దాన్ని కదిపితే తోలు చక్రం పళ్లెం మీద అంచు నుంచి నడుమకూ, నడుమ నుంచి అంచుకూ జరుగుతుంది.

ఇందులో మహిమ ఏముందని అనుకుంటున్నారేమో. ఇంట్లో తిరుగలి తిప్పినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అంచున ఉన్న పిడి గిర్రున తిరుగుతుంది, నడుమనున్న మేకు ఉన్నచోటే ఉంటుంది. పళ్లెమూ అంతే. తోలు చక్రం అంచు దగ్గర ఆనితే బండి పరుగెడుతుంది. నడుమకు జరిపేకొద్దీ వేగం తగ్గి, బలం పెరుగుతుంది. ఒకటో గేరు, రెండో గేరు అని మెట్లు ఉండవు. వాటి మధ్య ఎన్ని వేగాలు కావాలంటే అన్ని ఉంటాయి. ఇవాళ మీ స్కూటరు లోపల బెల్టు చేస్తున్నది అచ్చంగా అదే పని కాకపోయినా, మెట్లు లేని నడక అనే ఆ ఆలోచన మాత్రం అదే. అది మన తాతల కాలానికే పుట్టి, ఒక పళ్లెం మీద నడిచింది.

"ఎన్కకు ఎట్ల పోతది?" అని అడిగాను. గొంతు అప్పటికే తగ్గింది.

చాచా బండి కదలకుండా గొలుసు తప్పించి, ఇంజిన్ తిప్పి పెడలు తొక్కాడు. పళ్లెం తిరుగుతోంది. లివర్‌ను మెల్లగా జరుపుతూ తోలు చక్రాన్ని నడుమకు తెచ్చాడు. అక్కడ అది ఆగిపోయింది. ఇంజిన్ మొత్తం అదిరిపోతోంది, పళ్లెం సుడి తిరుగుతోంది, దాని నడిమి చుక్కను తాకుతూ తోలు చక్రం కదలకుండా నిలబడి ఉంది. ఇంకొంచెం జరిపాడు. నడుమ దాటి అవతలి సగానికి పోగానే అది వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. ఔను మరి, ఒక సగం పైకి పోతుంటే రెండో సగం కిందికే కదా దిగేది! వెనక్కి పోవడానికి ప్రత్యేకంగా ఒక్క ముక్క కూడా అక్కర్లేదు. నా ఒళ్లు గగుర్పొడిచింది. సాగర్ రోడ్డు మీద లారీలు హారన్లు కొడుతూ పోతుంటే, నేనూ మా జూనియరూ రెండు తలలూ ఒక రంధ్రంలో దూర్చి చూస్తూ ఉండిపోయాం. "దీన్ని కనిపెట్టినాయనకు దండం పెట్టాలె మేడం" అన్నాడు వాడు. అన్న మాట ప్రకారం నిజంగానే చేతులు జోడించాడు.

ఆ తోలు సంగతి పెద్దాయన చెప్పాడు. చాచా తాత ఒక దొర దగ్గర డ్రైవరు. దొర గేర్లున్న కొత్త బండి కొనుక్కున్నాక, ఇంకెవరికీ లొంగని ఈ బండిని ఆయనకే వదిలేశాడు. మొదట్లో ఆ చక్రానికి గట్టిగా అదిమిన కాగితం అంచు ఉండేదట. అది అరిగిపోతే ఈ దేశంలో ఎక్కడా దొరకలేదు. పెద్దాయన వాళ్లది మోటబావుల కాలంలో నీళ్లు తోడే తోలు బొక్కెనలు కుట్టిన ఇల్లు. ఆయన తాత బర్రెతోలును గుండ్రంగా కోసి, పొర మీద పొర పేర్చి, బిగించి అంచు తొడిగాడు. అరిగినప్పుడల్లా ఆ ఇంటివాళ్లే మార్చారు. అప్పటి నుంచి బండి ఒక ఇంట్లో ఉంటుంది, దాని పట్టు ఇంకో ఇంట్లో తయారవుతుంది.

"ఇనుము ఇనుమును పట్టుకోదు మేడం, అరుగుతది. తోలు పట్టుకుంటది" అన్నాడు పెద్దాయన.

"పట్టేది తోలే గాని, పట్టిచ్చేది నా కాలు" అని చాచా నవ్వాడు. అది కూడా నిజమే. పెడలు తొక్కితేనే పళ్లెం వచ్చి తోలుకు ఆనుతుంది. ఎంత గట్టిగా తొక్కితే అంత పట్టు. ఎత్తు ఎక్కేటప్పుడు బలమంతా కాల్లోకి తెచ్చుకుని తొక్కి పట్టాలి. మనిషి కాలు కూడా ఆ యంత్రంలో ఒక భాగమే.

ఆశ్చర్యం ఆశ్చర్యమే, రూలు రూలే. బండిని మా ఆఫీసు ఆవరణలో పెట్టించాను. "దసరా అయినంక పరీక్ష వెడత. పాసైతే తీస్కపోండ్రి" అన్నాను. బీరకాయలతో వాళ్లిద్దరూ ఆటో ఎక్కారు. చాచా ఆటోలోంచి వెనక్కి తిరిగి కనుమరుగయ్యేదాకా బండినే చూశాడు.

పండుగ సెలవు అయ్యాక పరీక్ష రోజు ఆఫీసుకు వస్తే, గేటు దగ్గర పాత ఇనుము కొనేవాడి ట్రాలీ ఆటో నిలబడి ఉంది. దాని పక్కన నలభై ఏళ్ల మనిషి. చాచా కొడుకట. శేరిగూడలో ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. నేను దిగగానే ఎదురొచ్చాడు.

"మేడం, ఒక్క మాట. బండిని పాస్ చేయకుండ్రి."

బండిని పాస్ చేయమని బతిమాలినవాళ్లను జీవితమంతా చూశాను. చేయొద్దని అడిగినవాడు అతనొక్కడే. ఎందుకన్నాను.

"మా అబ్బ కాలుల బలం లేదు మేడం. మీరు బండి పట్టకముందు, మా ఊరి చడావ్ ఎక్కుతుంటే కాలు వణికి పట్టు ఇడిసింది. బండి ఎన్కకు జారింది. ఎన్క లారీ. జరంతల తప్పింది. నేను చెప్తే ఇనడు. మీరు ఫెయిల్ అంటే ఇంటడు. ఇట్లనే ట్రాలీల ఏసి పంపిస్త. ఇంటికి వస్తే మళ్ల నడుపుతడు." అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతన్ని తిట్టడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు.

చాచా వచ్చాడు. ఉతికిన లాల్చీ వేసుకున్నాడు. వెంట పెద్దాయన. చాచా గేటు దగ్గరి ట్రాలీని చూశాడు, కొడుకును చూశాడు. బండి దగ్గరికి వెళ్లి దాని ముందు దీపం మీద చెయ్యి వేశాడు. దీపానికి బంతిపూల దండ ఉంది. ఆయుధపూజ నాడు మా వాళ్లు వేసిందే.

మా ట్రాకులో ఒక ఎత్తు ఉండేది. సగం ఎక్కాక బండిని ఆపాలి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించి పైకి తేవాలి. చాచా ఇంజిన్ తిప్పి ఎక్కాడు. చదునులో బండి నత్తనడక నడిచింది. ఎత్తు మొదలుకాగానే ఇంజిన్ ఒకటే గోల, బండి మాత్రం కదలదు. పళ్లెం తిరుగుతోంది గానీ తోలు చక్రం పట్టుకోవడం లేదు. చాచా సీటులోంచి లేచి మరీ తొక్కాడు. కాలు గజగజ వణికింది. బండి వెనక్కి జారింది, బ్రేకు లాగి ఆపాడు. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ అదే. అప్పుడు పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన తన కాలు అటు చాపి, చాచా కాలి మీద పెట్టి, ఇద్దరూ కలిసి తొక్కారు. అయినా జారింది.

"ఇద్దరు తొక్కుడేంది? ఇదేం పద్ధతి?" అని అరిచాను. పెన్ను తీశాను. కొడుకు తల దించుకున్నాడు. గెలిచినవాడి ముఖం కాదు అది.

చాచా దిగలేదు. స్టీరింగు పట్టుకుని కూర్చుని, "గిట్ల ఎన్నడు చేయలే బేటీ. నా కాలు ఇడిసిందంటే ఒప్పుకుంట. తోలు ఎన్నడు ఇడువలే" అన్నాడు.

పెద్దాయన పలక ఎత్తి లోపల చెయ్యి పెట్టాడు. వేళ్లు బయటికి తీసి చూసుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన ముఖం మారిపోయింది. "ఆముదం" అన్నాడు.

ఆ మాట వినగానే మా అటెండరమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది. మా ఆఫీసుకు ఆమే పెద్ద దిక్కు. ఆమె అనుమతి లేనిదే ఫైలు కూడా బల్ల మారదు. "అవ్ మేడం, మేమే రుద్దినం" అంది సంతోషంగా. "ఆయుధపూజ నాడు అన్ని బండ్లకు బొట్లు వెట్టినం గదా. గిదైతే దేవుని రథం లెక్క ఉండె. అందరికన్న దీనికే ఎక్కువ చేసినం. లోపట గా ఇనుప పళ్లెం వట్టిగ, ఎండిపోయి ఉంటే పాపం అనిపించింది. మా ఇంటికాంచి ఆముదం తెచ్చి మంచిగ రుద్ది, నడుమల పసుపు, కుంకుమ వెట్టిన. తోలుకు గూడ పట్టిచ్చిన, పగులకుండ."

లోకంలో ఏ యంత్రానికైనా నూనె పోస్తే మేలు. ఈ ఒక్క బండికి మాత్రం నూనె తగలకూడదు. పొడిగా ఉంటేనే దానికి ప్రాణం. మేము ప్రేమతో దాని ప్రాణం తీశాం. నేనేదో అనబోతుంటే చాచానే ముందు అన్నాడు. "మంచే చేసినవ్ బిడ్డా. ఇన్నేండ్ల సంది దీనికి ఎవ్వలు పూజ చేయలే." అటెండరమ్మకు అప్పుడు విషయం అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. మా పూజకు బండి ఫెయిలైతే ఆ రాత నేనెలా రాస్తాను? ఇనుప పళ్లేన్ని పెట్రోలు గుడ్డతో తుడవచ్చు. తోలు సంగతి ఏమిటి? "తోలుకు పెట్రోలు తాకియ్యద్దు మేడం, బీటలు వడతది. నూనెను మెల్లగ గుంజాలె" అన్నాడు పెద్దాయన. చుట్టూ చూశాను. గేటు ముందు బతుకమ్మ నాటి ముగ్గు ఇంకా చెరిగిపోలేదు. ఇంట్లో గచ్చు మీద నూనె ఒలికితే ఏం చల్లుతాం? "ముగ్గుపిండి!" అన్నాను. పెద్దాయన కళ్లు మెరిశాయి. "అవ్, గది గుంజుతది" అన్నాడు.

అటెండరమ్మ పరుగెత్తి డబ్బా తెచ్చింది. ఆ తర్వాత మేం చేసిన పని ఏ రూల్సులోనూ లేదు. జూనియర్ పళ్లేన్ని తుడుస్తున్నాడు. నేను కొంగు నడుముకు దోపి, బండి పక్కన నేల మీద కూర్చున్నాను. పెద్దాయన తోలు అంచును మెల్లగా తిప్పుతుంటే ముగ్గు చల్లుతూ, అదుముతూ, పసుపురంగుకు తిరిగిన పిండిని దులుపుతూ పోయాం. మళ్లీ చల్లడం, మళ్లీ దులపడం. లైసెన్సులకు వచ్చినవాళ్లంతా వరసలు వదిలేసి చుట్టూ మూగారు. చాచా కొడుకు దూరంగా నిలబడి చూస్తూ చూస్తూ, ఎప్పుడు వచ్చాడో తెలియదు, వంగి గుడ్డ అందుకున్నాడు. చివరికి పెద్దాయన తోలును బొటనవేలితో రుద్ది చూశాడు. వేలు జారలేదు.

చాచా మళ్లీ ఎక్కాడు. ఈసారి బండి ఎత్తు పట్టుకుంది. అందరూ ఓ అని అరిచారు. సగం దూరంలో ఆపి, మళ్లీ కదిలించబోతే చాచా కాలు వణికింది. పట్టు వదిలింది. బండి అడుగు దూరం వెనక్కి జారింది. పెద్దాయన కాలు పడగానే ఆగింది, ఇద్దరి కాళ్ల బలంతో పైకి పోయింది. చప్పట్లు మోగాయి. చాచా మాత్రం చప్పట్లు విననట్టే కిందికి చూస్తున్నాడు. జారింది బండి వల్ల కాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

"దిగు చాచా. నేను నడుపుత" అన్నాను.

పెడలు మీద కాలు పెట్టి తొక్కాను. చెబితే నమ్ముతారో లేదో, పళ్లెం వెళ్లి తోలుకు ఆనిన ఆ క్షణం నా అరికాలికి తెలిసింది. గేర్ల బండ్లలో గేరు పడితే ఒక కుదుపు, ఒక చప్పుడు. ఇక్కడ చప్పుడు లేదు. ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఉంది, అంతే. ఎంత అదిమితే అంత గట్టిగా పట్టుకుంది. ఎత్తు ఎక్కింది, ఆగింది, వెంట్రుకవాసి కూడా జారకుండా కదిలింది. పైన చదునులో లివర్‌ను మెల్లగా నడుమకు తెచ్చాను. బండి నిలిచిపోయింది. నా కాళ్ల కింద పళ్లెం సుడి తిరుగుతూనే ఉంది. అంత వేగం నడుమ అంత కదలని చోటు ఒకటుందని, దాన్ని మనిషి చేత్తో వెతికి పట్టుకోవచ్చని, ఎవరికి ఎలా తట్టిందో! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకొంచెం జరిపితే బండి వినయంగా వెనక్కి నడిచింది. నేను కోరిన వేగంతో, నేను కోరిన దిక్కుకు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి బండ్లలో తప్పులు వెతికాను. ఆ పూట మాత్రం ఒక బండి ముందు చిన్నపిల్లనైపోయాను.

దిగి వచ్చేసరికి చాచా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన వెనక కొడుకు. గేటు దగ్గర ట్రాలీవాడు బీడీ పారేసి సిద్ధంగా ఉన్నాడు.

"బండి పాస్" అన్నాను. చాచా ముఖం వెలిగింది. ఆ వెలుగు చూశాక మిగతా మాట అనడం ఎంత కష్టమైందో చెప్పలేను. "నువ్వు ఫెయిల్ చాచా. ఇగ నువ్వు నడుపద్దు."

ఆయన తన మోకాలి మీద అరచేత్తో మెల్లగా కొట్టుకున్నాడు. "నిజమే బేటీ. తోలైతే తమ్మి కొత్తది ఏస్తడు. గీ కాలుకు ఎవ్వలేస్తరు?" అన్నాడు. పెద్దాయన అటు తిరిగి గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ముగ్గుపిండి పడిందని అందరం అనుకున్నాం.

నేను కొడుకు వైపు తిరిగాను. "బండి మీద నీకేమన్న పగనా?"

"నాకేం పగ మేడం? నా పెండ్లికి గీ బండిలనే పోయిన. అబ్బ నడుపద్దు, గంతే నా బాధ."

"అయితే ఎక్కు."

అతను బిత్తరపోయాడు. "నాకు రాదు మేడం. ఎన్నడు ముట్టలే."

"నేర్పెటాయన పక్కనే ఉన్నడు గదా" అన్నాను.

ఎక్కాడు. రోజూ అరవై మంది పిల్లలను ఎక్కించుకుని బస్సు నడిపే మనిషి, ఆ పెడలు ముందు కొత్తగా నేర్చుకునేవాడిలా చెమటలు కక్కాడు. బస్సు అలవాటుతో లివర్‌ను ఒక్కసారి బలంగా లాగాడు. అది నడుమ దాటి అవతలికి పోయింది. పెడలు తొక్కగానే బండి రయ్యిన వెనక్కి, నేరుగా పాత ఇనుము ట్రాలీ మీదికి బయల్దేరింది. ట్రాలీవాడు ఒక్క గెంతులో తన సీట్లో పడి, ఆటో స్టార్ట్ చేసి, మళ్లీ తిరిగి చూడకుండా రోడ్డెక్కాడు. ఆవరణంతా ఒకటే నవ్వు. నవ్వనిది, పక్క సీట్లోంచి బ్రేకు లాగి బండి ఆపిన చాచా ఒక్కడే. "మెల్లగ రా బేటా. గుంజకు, జరుపు. కాలుతోని వినుకో, తోలు ఏం చెప్తదో" అంటున్నాడు.

ఎండ చల్లబడేదాకా తిప్పించాం. నేను దగ్గరుండి చూశాను. ఎత్తు మీద ఆపి కదిలించడం కూడా వచ్చాకే సంతకం పెట్టాను. ముందుకు ఎన్ని గేర్లు, వెనక్కి ఎన్ని గేర్లు అని ఫారంలో ఒక గడి ఉండేది. చాలాసేపు ఆలోచించి "ఇనుప పళ్లెం, తోలు చక్రం" అని రాశాను. పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, వంట సామాను గురించి రాశావేమిటమ్మా అని. వచ్చి చూడండి సార్ అన్నాను. రాలేదు. వాళ్లకే నష్టం.

మా గేటు దాటగానే పెద్ద రోడ్డు ఎక్కడానికి ఒక ఎత్తు ఉంది. కొడుకు స్టీరింగు పట్టుకున్నాడు, పక్కన చాచా, వెనక బల్ల మీద పెద్దాయన. అటెండరమ్మ ఇచ్చిన ముగ్గు డబ్బా ఆయన ఒళ్లో ఉంది. నేను గేటు పక్కన నిలబడ్డాను. తలుపులు లేని బండి కదా, లోపలి కాళ్లన్నీ కనిపిస్తున్నాయి. ఎత్తు మొదలైంది. కొడుకు కాలు పెడలును అదిమింది. పక్కన చాచా కాలు, పెడలు లేని ఉత్త చెక్కను అదిమిపట్టి ఉంది, మడమ వణుకుతోంది. వెనక పెద్దాయన కాలు కూడా ముందు సీటు అడుగును గట్టిగా తన్నిపట్టింది.

బండి ఆగకుండా, జారకుండా రోడ్డెక్కేదాకా నా కుడికాలు కూడా నేలను తొక్కుతూనే ఉంది.